సగం వరుస

మా అమ్మాయి కోసం ఆయన మొదలుపెట్టిన మఫ్లర్ ఒక వరుస మధ్యలో ఆగిపోయింది. ఆసుపత్రికి బయలుదేరే ముందు సూదులు రెండూ అలాగే బల్ల మీద పెట్టి వెళ్లారు. తిరిగి రాలేదు. మిగిలింది నేనే అల్లాలని నిశ్చయించుకున్నాను. నాకు అల్లిక రాదు. అందుకని వదినను పిలిచాను. ఆవిడ ఆయన అక్క. చిన్నప్పుడు ఆయనకు అల్లిక నేర్పింది ఆవిడే.

వదిన సోఫాలో నా పక్కన సర్దుకుని కూర్చుంది.

"నాకూ ఈ ఒక్క కుట్టే వచ్చు. నాలుగు మాటలు గుర్తుపెట్టుకో. గుచ్చు, చుట్టు, లాగు, వదులు."

ఎడమ సూది మీది కుట్టులో కుడి సూది గుచ్చాను. ఊలు చుట్టాను. లాగాను. వదిలాను.

"సూదిని కాదు తల్లీ, కుట్టుని వదలమన్నాను!"

ఎలాగో రెండు కుట్లు పడ్డాయి. వాటి పక్కనే వేలు పట్టేంత కన్నమూ పడింది. వదిన కళ్లద్దాలు పైకి తోసుకుని ఆ రెండూ విప్పింది.

"ఊలు ఎడమ సూది నుంచి వస్తోందేమిటి? కుడి సూది నుంచి రావాలి కదా. తిరగేసి పట్టుకున్నట్టున్నావు."

మఫ్లర్ తిప్పి పట్టుకుని మళ్లీ అల్లాను. ఈసారి కన్నం పడలేదు. కానీ ఆయన కుట్లు నున్నగా ఉన్న వైపున నావి బొడిపెలుగా తేలాయి. వదిన మఫ్లర్‌ను కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పింది. నేనూ తల అటూ ఇటూ తిప్పాను. ఇద్దరికీ ఏమీ బోధపడలేదు.

"ఒకటో తరగతి పిల్లలకు కుడిఎడమలు నేర్పే టీచరమ్మవి, నీకే తెలియకపోతే ఎలా?"

"మీకు తెలుసా వదినా?"

"పొద్దున తెలుసు."

నా కుట్లు విప్పేసి, వదిన ఇంకాస్త ఊలు పట్టుకుంది. "ఈ సగం వరుస కూడా విప్పేద్దాం. అంచు నుంచి మొదలుపెడితే ఏ పేచీ ఉండదు."

ఆవిడ చెప్పింది సబబే. కానీ ఆయన చివరగా అల్లింది ఆ సగం వరుసే. నేను రెండు చేతులూ దాని మీద పెట్టాను.

"అది వద్దు వదినా."

వదిన నా చేతుల వైపు చూసి ఊలు వదిలేసింది. "వాడు అల్లుతుంటే చూశావుగా, ఏ సూది ఖాళీ అయ్యేది?" అంది.

కళ్లు మూసుకున్నాను. "కుడిది. ఎడమది నిండేది."

"అదెలా? ఖాళీ కావలసింది ఎడమది కదా. వాడిది కుడిచేతి వాటమేగా!"

"అవును. రాత, భోజనం, అన్నీ కుడిచేత్తోనే."

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను వాడికి ఎదురుగా కూర్చుని నేర్పాను. నా కుడిచెయ్యి ఎటుంటే అటు వాడి ఎడమచెయ్యి పెట్టాడు, అద్దంలో బొమ్మలాగా. ఇన్నేళ్లూ తిరగేసే అల్లాడు వెధవ!" నవ్వబోయింది.

లేచి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. సంచిలోంచి తను అల్లుతున్న టోపీ తీసింది.

"నన్ను చూసి చెయ్యి. నీ కుడి, నా కుడి అని లెక్కలు వెయ్యకు."

ఆవిడ కుడి సూది గుచ్చితే నేను ఎడమ సూది గుచ్చాను. చుట్టాను, లాగాను, వదిలాను. ఆయన చివరి కుట్టు పక్కన నా కుట్టు కూర్చుంది. కన్నం లేదు, బొడిపె లేదు. ఆయనది వదులుగా, నాది బిగువుగా ఉంది.

"ఎవరిదేదో తెలిసిపోతోంది వదినా."

"తెలియనీ. ఊలు ముందుకొచ్చేసింది, వెనక్కి పెట్టుకో."

"నా వెనక్కా, మీ వెనక్కా?"

వదిన తన సూదుల వైపు, నా సూదుల వైపు మార్చి మార్చి చూసింది.

"ఉండు, నన్నడక్కు," అంది.