బాలింత గదిలో బుల్లి ఫ్యాను

నేను ఒక బుల్లి ఫ్యానును. చూస్తే నవ్వుతారు. ఐస్‌క్రీం పుల్లలతో ఒళ్లు, విరిగిన బొమ్మ కారులోంచి తీసిన మోటారు, పాత శుభలేఖను కత్తిరించి అంటించిన రెక్కలు. నన్ను చేసింది తొమ్మిదో తరగతి చదివే హిమజ. గోడ గడియారంలోని బ్యాటరీని పీకి నాకు తగిలించింది. గడియారం ఆగిపోయిన సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. అందరి ధ్యాసా బాలింత మీదే.

బాలింత హిమజ అక్క ప్రశాంతి. పురిటికి పుట్టింటికి వచ్చింది. వాళ్లమ్మ కోటమ్మకు గాలంటే హడల్. తలుపులు, కిటికీలు బిగించి, సందుల్లో పాత చీర పీలికలు కుక్కింది. కూతురి చెవుల్లో దూది పెట్టింది. మంచం పక్కనే బొగ్గుల కుంపటి రాజేసి సాంబ్రాణి వేసేది. అసలే మండు వేసవి. పైనున్న పెద్ద ఫ్యాను స్విచ్చి మీద టేపు కూడా అంటించేసింది. చల్లదనం కోసం మమ్మల్ని కనిపెట్టిన మనుషులు సరిగ్గా ఉక్కపోసిన రోజునే మాకు భయపడటం ఏమిటో నాకు అర్థం కాదు.

"అమ్మా, అక్క ఉడికిపోతాంది. కిటికీ అన్నా తియ్యవే!"

"నోర్మూసుకో. గాలి సంగతి నీకేం తెలుసే?" అంది కోటమ్మ. ఆవిడ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది.

అందుకే హిమజ నన్ను దొంగచాటుగా చేసింది. ఆ మధ్యాహ్నం అక్క తలగడ పక్కన నిలబెట్టి, తీగలు కలిపింది. నా రెక్కల్లో ఒకటి కాస్త పొడుగు. తిరిగినప్పుడల్లా పుల్లకు తగిలి టరటరమంది.

"అబ్బా, మెల్లగా తిరగవే. అమ్మ వింటే నన్ను చంపుద్ది," అని గొణిగి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

నా చూపంతా కుంపటి మీదే. ఒక్క నిప్పురవ్వ ఎగిరిపడితే చాలు, అట్టా పుల్లలూ కలిపిన ఒళ్లు, బూడిదైపోతాను. ఎంతసేపూ నా ప్రాణం గురించే బెంగపడ్డాను. ఇంతలో బిడ్డను జోకొడుతున్న ప్రశాంతి చెయ్యి ఆగిపోయింది. "తల తిరుగుతాంది..." అంటూ లేవబోయి, మళ్లీ మంచం మీద వాలిపోయింది. బిడ్డ కూడా కదలడం మానేసింది. నిద్ర కాదది. ఎంత జోరుగా తిరిగితే ఏం లాభం? బయటి గాలి చొరబడని గదిలో నేను తిప్పుతున్నది ఆ కుంపటి పొగనే. అరుద్దామంటే నోరు లేదు. టరటరమంటూ తిరుగుతూనే ఉన్నాను.

"ఏందా చప్పుడు? కందిరీగ గానీ దూరిందా?" అంటూ చీపురు పట్టుకుని కోటమ్మ వచ్చింది. నన్ను చూసింది. చీపురు ఎత్తింది. నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆవిడ చూపు మంచం మీద పడింది.

"ప్రశాంతీ! లెగవే! తల్లీ!"

పలుకు లేదు. కోటమ్మ బిడ్డను ఎత్తుకుని వరండాలోకి పరుగెత్తింది. కేక విని వచ్చిన హిమజ అక్కను చంకల కింద పట్టి ఈడ్చుకుపోయింది. వెనక్కి వచ్చి, నన్నూ చేతబట్టుకుంది, ఎందుకో ఆ పిల్లకే తెలియదు. వరండాలో ప్రశాంతి మూలుగుతోంది. బిడ్డ మాత్రం ఏడవడం లేదు. అంత భయం నేను ఎన్నడూ ఎరగను. చివరికి చిన్న మూలుగు, ఆపైన ఏడుపు. హిమజ వేళ్లు నన్ను నలిపేసినంత పని చేశాయి.

కేకలు విని పక్క వీధిలో ఉండే ఆసుపత్రి నర్సమ్మ పరుగున వచ్చి అంబులెన్సుకు ఫోన్ చేసింది. గదిలోకి తొంగిచూసి నెత్తి కొట్టుకుంది.

"తలుపులన్నీ మూసి బొగ్గులు రాజేస్తారా కోటమ్మా? ఆ పొగే విషం. నిద్రలోనే ప్రాణం తీసుకుపోద్ది."

కోటమ్మ మనవరాలిని గుండెకు అదుముకుంది.

"ఈ కూతుళ్లిద్దరికంటే ముందు నాకొక మగబిడ్డ పుట్టాడమ్మా. ఆ గదిలోనే, నా పక్కలోనే నిద్రలో పోయాడు. గాలి సోకిందన్నారు. అప్పటినించీ ఒక్క సందు కూడా వదల్లా."

నర్సమ్మ గొంతు తగ్గించింది. "అప్పుడు కూడా కుంపటి ఉందా?"

"ఉందమ్మా," అంది కోటమ్మ. "బిడ్డకు వెచ్చగా ఉంటదని నేనే రాజేశా."