నొప్పి లేని రోజు

దుర్గాదేవికి నడుం నొప్పి మొదలై ఏడేళ్లయింది. మొదట్లో ఎలా ఉందని నలుగురూ అడిగేవారు. పోనుపోను వాళ్లు అడగడం మానేశారు, ఆమె చెప్పడం మానేసింది.

చోడవరం పక్కనే ఉన్న తమ ఊరి బడిలో ఆమె మధ్యాహ్న భోజనం వండుతుంది. నూటపది మంది పిల్లలకి వండేది ఆమె, ఝాన్సీ ఇద్దరే. అన్నం గుండిగ దించి గంజి వార్చేటప్పుడు నడుంలో మొదలైన పోటు ఎడమ పిక్క దాకా లాగేది. పళ్లు బిగించి దించేది.

విశాఖపట్నంలో స్కానింగ్ తీయించారు. పూస కాస్త అరిగిందనీ, ఆపరేషన్ అక్కర్లేదనీ, బిళ్లలు వాడమనీ చెప్పారు. వాడగా వాడగా కడుపులో మంట పట్టుకుంది. భర్త సత్తిబాబు చెరుకు రైతు. చెడ్డవాడు కాదు. కానీ స్కానింగులో పెద్దగా ఏమీ లేదన్న మాట అతని మనసులో ఉండిపోయింది. ఆమె మంచం మీద నడుం వాల్చినప్పుడల్లా ఒక చూపు చూసేవాడు. నొప్పి కన్నా ఆ చూపుకే ఆమె ఎక్కువ అలిసిపోయింది.

ఝాన్సీ చెప్పగా, చోడవరంలో గౌరీశంకర్ అనే ఆయుర్వేద డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన స్కానింగు కాగితాలు చూశాక, నొప్పి ఏ పూట ఎక్కువ, ఏ పనికి రేగుతుంది, నిద్ర పడుతోందా, కడుపు సాఫీగా ఉందా అని అరగంట సేపు అడిగాడు. జవాబులు చెబుతూ చెబుతూ ఆమె ఏడ్చేసింది. ఆయన ఆగి, మంచినీళ్లిచ్చి, మళ్లీ అడిగాడు. కాలు మొద్దుబారినా, ఒంటేలు ఆగిపోయినా తన దగ్గరికి రాకుండా నేరుగా పెద్దాసుపత్రికి పొమ్మని గట్టిగా చెప్పాడు.

పద్నాలుగు రోజుల వైద్యం అది. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, నడుం మీద మినప్పిండి ముద్దతో గట్టు కట్టి, అందులో గోరువెచ్చని తైలం పోసేవారు. చల్లారితే తీసి మళ్లీ వెచ్చనిది పోసేవారు. రెండు పూటలా కషాయం, ఇంటి దగ్గర వావిలాకు కాపడం. రోజూ బడిలో గిన్నెలు కడిగి, ఆటో ఎక్కి చోడవరం వెళ్లి, చీకటి పడే వేళకి ఇల్లు చేరేది.

తొమ్మిదో రోజు ఆదివారం. పొద్దున్న లేచేసరికి నొప్పి లేదు. కాసేపు కదలకుండా వెతుక్కుంది. నిజంగానే లేదు. ఆవేళ దుప్పట్లన్నీ ఉతికింది, అటక మీది సామాను దించి దులిపింది, బియ్యం బస్తా ఒక్కర్తే ఈడ్చింది. మర్నాడు మంచం దిగలేకపోయింది.

మంగళవారం ఎలాగో ఆటోలో పడి వెళ్లి డాక్టరు మీద కోప్పడింది. ఆయన అంతా విని, ఆదివారం ఏం చేసిందో అడిగి తెలుసుకున్నాడు.

"అదేనమ్మా. బాగున్న రోజు వారం పని ఒక్కసారే చేసేస్తన్నావు. తర్వాత వారం పడకేస్తన్నావు. ఏడేళ్లుగా ఇదే జరుగుతోంది."

"పూర్తిగా పోద్దా బాబూ?"

"పోతుందని నేను చెప్పను. తగ్గుతుంది. నీ చేతిలోకి వస్తుంది. నొప్పొచ్చేక పని ఆపడం కాదమ్మా, రాకముందే ఆపాలి. నొప్పి లేని రోజు కూడా."

తిరుగు ఆటో ఎక్కింది. చెరుకు ట్రాక్టర్లు దారంతా అడ్డం. ఇది పోదు అన్న మాట గుండెలో బరువుగా కూర్చుంది. అయితే ఇక పోవడం కోసం ఎదురు చూడనక్కర్లేదన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ రెండిట్లో ఏది పెద్దదో ఆమెకి తెలియలేదు.

ఇంటికెళ్లి భర్తతో చెప్పింది.

"మావా, నొప్పని సెప్పడం మానేసేను గానీ నొప్పి మానలేదు. ఇంక నీళ్లు నువ్వు తే. బస్తాలు నాను ముట్టను."

మర్నాడు అతనూ ఆమెతో ఆటో ఎక్కాడు. వైద్యం అయ్యాక ఆమె బల్ల మీద పక్కకి తిరగలేక, మోచేయి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్కో అంగుళం లేవడం నిలబడి చూశాడు. అతని ముఖం మారిపోయింది. వెళ్లి భుజం కింద చెయ్యి వేశాడు.

"రోజూ ఇలాగేనేటి?" అని మెల్లగా అడిగాడు.

"రోజూ ఇలాగే."

బడిలో హెడ్మాస్టరు బంగార్రాజు గారిని బరువు తగ్గించమని అడగడానికి ఆమెకి వారం పట్టింది. ఆయన వెంటనే ఒప్పుకుని, పెద్ద గుండిగకి బదులు మూడు చిన్న గిన్నెలు ఇప్పించాడు. వంటకి అరగంట ఎక్కువ పడుతుంది కాబట్టి అరగంట ముందే వెళ్లాలి. అదొక అలసట.

ఏడాదైంది. నొప్పి ఉంది. బిళ్లలు ఎప్పుడో గానీ వేసుకోదు, కడుపులో మంట తగ్గింది. మొన్న చలి బాగా పడిన పొద్దున్న పోటు మళ్లీ పిక్క దాకా దిగింది. ఆమె సగం ఊడ్చిన వాకిట్లో చీపురు పక్కన పెట్టి, లోపలికెళ్లి చాప పరుచుకుని పడుకుంది. సత్తిబాబు చద్దన్నం తిని, వావిలాకు వేడి చేసి తెచ్చి ఆమె వెనక కూర్చున్నాడు. ఆకు వేడి కాస్త ఎక్కువై చురుక్కుమంది. ఆమె చెబితే, అతను చల్లారేదాకా ఊదుతూ కూర్చున్నాడు.