ఫ్రెంచి సినిమాలో కొసపోగు

కొరియర్ అబ్బాయి ఇచ్చిపోయిన పొట్లాన్ని కుప్పయ్యే విప్పాడు. కూతురు తెప్పించుకున్న చెప్పులేమో అనుకున్నాడు. లోపల నున్నటి అట్టపెట్టె, దాని మీద వీపంతా బయటపెట్టుకుని అటు తిరిగి నిలబడిన ఒక తెల్లావిడ. నడుము కింద పల్చటి గుడ్డ ఉందంటే ఉంది, లేదంటే లేదు. కుప్పయ్య గబుక్కున పెట్టెను బోర్లా తిప్పాడు. వెనకవైపూ ఆవిడే, ఈసారి ఇటు తిరిగి ఉంది.

"పాపా, ఏందిమ్మా ఇది?" అని కేకేశాడు. భార్య ఉదయలక్ష్మి బెణికిన చేతికి కట్టు కట్టించుకోను పుత్తూరు వెళ్లడం ఆ పూట ఆయన అదృష్టం.

మోనిక గదిలోంచి పరుగున వచ్చి పెట్టె లాక్కుంది. "యాభై ఏండ్ల కిందటి ఫ్రెంచి సినిమా నాయనా. ఫిల్మంతా గీతలు పడి, దుమ్ము పట్టి ఉంటే మా కంపెనీనే శుభ్రం చేసింది. ఇప్పుడు డిస్కు వేసి అమ్ముతా ఉండారు. ఇంద సూడు, నా పేరు కూడా వేసినారు."

పెట్టెలోని చిన్న పుస్తకం చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంది పేరు. పేరు చూసి పొంగిపోవాలో, అది ఎక్కడ పడిందో చూసి కుంగిపోవాలో కుప్పయ్యకు తెలియలేదు. నగరిలో మరమగ్గాల వీధిలో పుట్టి, కంప్యూటరు ముందు కూర్చుని చెన్నై కంపెనీకి పనిచేసే పిల్ల ఇంకొకతి లేదని ఇన్నాళ్లూ ఊరంతా చెప్పుకున్నాడు. ఏం పని అని అడిగితే, పాత సినిమాలు కడుగుతుంది అనేవాడు. కడిగేది ఏ సినిమాలో ఆయన అడిగిన పాపాన పోలేదు.

"ఇట్లాంటివేనా నువ్వు తలుపేసుకోని సూస్తా ఉండేది?"

"యాడ సూస్తాం నాయనా! మాకు సినిమా ఇయ్యరు. ముందుదో వెనకదో తెలీకుండా, శబ్దం లేని ముక్కలిస్తారు. మాకు దుమ్మూ గీతలూ తప్ప మనిషి కనపడదు. నాకు దీని కథే తెలీదు."

ఆ మాట నిజమో, తండ్రి ముందు సిగ్గుతో అన్న మాటో ఆయన తేల్చుకోలేకపోయాడు. పెట్టె బీరువా పైకెక్కింది.

వారం తిరక్కముందే ఫోన్ వచ్చింది. కంపెనీలో మోనికకు పైన ఉండే ప్రశాంతి. అన్నం తింటున్న మోనిక ఎంగిలి చెయ్యి తియ్యకుండా, స్పీకరు పెట్టి ఫోన్‌ను పీట మీద ఉంచింది. ఎదురుగా కుప్పయ్య మజ్జిగన్నం కలుపుకుంటున్నాడు. ఉదయలక్ష్మి కట్టు మార్పించుకోను మళ్లీ పుత్తూరు వెళ్లింది, రాత్రికి గానీ రాదు.

"మోనికా, చివరి సీనులో ఆవిడ వీపు మీద వేలాడే దారం ఏమైంది?"

"దారమా? గీత ఉండింది మేడమ్. తీసేసినా."

"అది గీత కాదమ్మా. ఆవిడ మనిషే కాదు, ఒక నేతగాడు తన కోసం నేసుకున్న గుడ్డ, ప్రాణమొచ్చి ఆడదైంది. ఆ దారం లాగితే విడిపోతుంది. కథంతా దాని మీదే ఉంది. ఇప్పుడు వాడు గాల్లో చెయ్యి లాగుతున్నాడు, ఆవిడ మాయమైపోతోంది. డిస్కు కొన్నవాళ్లకు తలా తోకా తెలియడం లేదంట. ఎవరు చేశారో చెప్పమని పైనుంచి ఒకటే పోరు."

కుప్పయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మొన్న వానల్లో మోనిక ఆయన్ని గదిలోకి పిలిచింది. తెర మీద అరచేతంత గుడ్డ ముక్క, దాని మీద నిలువునా సన్నటి గీత. ఇది ఫిల్ము మీద పడిన గీతా, గుడ్డలోదేనా అని అడిగింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని చూసి నవ్వాడు. "కొసపోగు పాపా. యా తిక్కనాయాలో కత్తిరించకుండానే పంపినాడు. తీసేయ్." కొసపోగు వేలాడే చీర అంగడి గడప తొక్కదు. ఈ వీధిలో పసిబిడ్డకు కూడా ఆ సంగతి తెలుసు. చీర మడత పెట్టేముందు కత్తెర పట్టుకుని పోగులన్నీ తీసేశాకే ఆ ఇంట్లో ఎవరైనా అన్నానికి కూర్చుంటారు. అంత చిన్న ముక్కే ఎందుకు చూపించిందో ఆవేళ ఆయన ఆలోచించలేదు. మిగతా వీపు కనపడకుండా పిల్ల దాచిందని ఇప్పుడు తెలిసింది. మొత్తం బొమ్మ చూసి ఉంటే, అది ఆడమనిషి ఒంటి నుంచి వేలాడుతోందని గుడ్డివాడైనా చెప్పేవాడు.

"నా తప్పే మేడమ్," అంటోంది మోనిక. "గీత అనుకున్నా."

ఉద్యోగం పోతుందని కుప్పయ్యకు అర్థమైంది. ఇక ఆగలేకపోయాడు. ఫోన్ మీదికి వంగి, "మేడమ్, పాప తప్పు రవ్వంత కూడా లేదు. తీసేయమని చెప్పింది నేను," అన్నాడు.

మోనిక వద్దు వద్దని తల ఊపింది. నాయన మీద పిల్లకు ఎంత ప్రేమ అనుకుని ఆయన ఇంకా గొంతు పెంచాడు. "వాళ్ల నాయన్ని మేడమ్. నేను సూసినా. సూసే చెప్పినా."

ప్రశాంతి అడిగింది. "మీకు బొమ్మ చూపించిందా?"

"సూపించింది. అరసెయ్యంత."

"సార్," అంది ప్రశాంతి. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "దారం పోతే మళ్లీ పెట్టుకుంటాం. అసలు కాపీ మా దగ్గరే ఉంది. నేనూ చూసి గీతే అనుకున్నాను, ఆ మాటే పైకి చెప్పి సర్దేద్దామని ఫోన్ చేశాను. కానీ బయటి మనిషికి ఒక్క బొమ్మ చూపించినా ఉద్యోగం ఉండదని మోనికకు తెలుసు. ఈ ఫోన్లన్నీ రికార్డవుతాయి సార్. మీరు చెప్పకుండా ఉండాల్సింది."

సాయంత్రానికి మెయిల్ వచ్చింది. కంప్యూటరు వెనక్కి పంపమన్నారు.

కుప్పయ్య మగ్గాలు ఆపించి ఇంట్లోకి వచ్చి కూర్చున్నాడు. "నేను నిజమే గదమ్మా సెప్పింది?"

"నిజమే నాయనా."

"తప్పు చేస్తే సర్దేస్తారంట, ఒప్పుకుంటే తీసేస్తారంట. ఇదేం నాయమప్పా!"

మోనిక నాలుగు తిట్టినా ఆయన ప్రాణం కుదుటపడేది. గోడకు చేరబడి కాళ్ల వేళ్లు చూసుకుంటూ కూర్చున్న కూతుర్ని చూడలేక, బీరువా మీంచి పెట్టె దించాడు.

"పెట్టు. నీ ఉద్యోగం తినేసింది ఎట్లుండాదో సూస్తా."

"వద్దు నాయనా. నీతో కూర్చోని సూసేది కాదు."

"పెట్టమంటా ఉంటే!"

మొదటి జీతంతో కొనుక్కున్న చిన్న ప్లేయరును మోనిక టీవీకి తగిలించింది. తెల్లావిడ ఒంటి మీద గుడ్డ ఉన్న సీన్ల కంటే లేనివే ఎక్కువ. కుప్పయ్య కాసేపు ఫ్యాను చూశాడు, కాసేపు క్యాలెండరు చూశాడు. మోనిక మోకాళ్లలో మొహం పెట్టుకుంది. ఆ భాష ముక్క అర్థం కాలేదు. కానీ మగ్గం ముందు ఒంటరిగా కూర్చుని, నేసిన గుడ్డతో మాట్లాడుకునే ఆ బక్కమనిషి మాత్రం ఆయనకు అర్థమవుతూ వచ్చాడు. ఎప్పుడు ఫ్యానును వదిలి తెరను చూడటం మొదలుపెట్టాడో కుప్పయ్యకే తెలియదు.

చివరికి ఆవిడ వెళ్లిపోతానని వీపు తిప్పి నిలబడింది. నేతగాడి చెయ్యి ఆ వీపు దగ్గరికి వెళ్లింది. బొటనవేలూ చూపుడువేలూ కలుసుకున్నాయి. మధ్యలో ఏమీ లేదు. అయినా ఆ వేళ్లు ఏం పట్టుకున్నాయో కుప్పయ్యకు తెలుసు.

"లాగొద్దప్పా," అన్నాడు లేచి నిలబడి. "ఒరే, లాగొద్దురా!"

వాడు లాగాడు. ఆవిడ భుజం పోయింది, నడుము పోయింది, మొహం పోయింది. వట్టి గోడ మిగిలింది.

అప్పుడు మోనిక వెక్కివెక్కి ఏడ్చింది. కూతురి తల మీద చెయ్యి వెయ్యడానికి మొహం చెల్లక, కుప్పయ్య టీవీ ముందే నిలబడి ఆ ఫ్రెంచివాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాడు.