అర మిల్లీమీటరు

తన కొంప ముంచింది పరిచయాల బాబేనని లేతు మేస్త్రి ఈ రోజుకీ అంటాడు. అడిగినవాడితో అంటాడు, అడగనివాడిని ఆపి మరీ అంటాడు. ఆ బాబుకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. మేస్త్రి నోట అది ఎన్నడూ పలకలేదు. వచ్చిన మొదటి రోజే తను ఈ పేరు తగిలించాడు, అదే ఉండిపోయింది.

ఆ రోజు బాబు భుజాన పెద్ద నల్లసంచీతో, లేతు మిషను మీద ఇనుము చెక్కే మేస్త్రి షెడ్డులోకి వచ్చాడు. కూర్చోమంటే సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లేచి అటూ ఇటూ తిరిగినప్పుడూ దాన్ని దించలేదు. మేస్త్రికి అక్కడే అనుమానం పుట్టింది. ఉత్త చేతులతో వచ్చినవాడు ఏదో అడగడానికి వస్తాడు, సంచీతో వచ్చినవాడు ఏదో పట్టుకుపోవడానికే వస్తాడు!

"ఎవరే ఈ బ్రోకరు?" అని మేనకోడల్ని పక్కకి లాగి అడిగాడు.

"బ్రోకర్ కాదు మావయ్యా. బిజినెస్ డెవలప్‌మెంట్ చేస్తాడు. మనలాంటి కొత్త కంపెనీల సరుకు ఎవరికి పనికొస్తుందో వెతికి పరిచయం చేస్తాడు. వాళ్ళకేం కావాలో కనుక్కొచ్చి మనకి చెప్తాడు."

"ఒకప్పుడు మూడక్షరాల్లో అయిపోయేది. చదువులు పెరిగాక పేరు పొడుగైంది, అంతేగా?"

మేనకోడలు నవ్వేసింది. ఆ కంపెనీ పుట్టి ఇంకా ఏడాది నిండలేదు. మేస్త్రి షెడ్డులోనే ఉత్తరం గోడ పక్కన ఆమెకో బల్ల, ఓ డ్రిల్లు. ఆసుపత్రిలో మంచం దిగబోతుంటే కింది చక్రాలు దొర్లి ఆమె తల్లి, అంటే మేస్త్రి అక్క, పడి తుంటి విరగ్గొట్టుకుంది. దాంతో ఆ పిల్ల పట్టు పట్టి, కాలితో ఒక్క తొక్కు తొక్కితే చక్రం బిగుసుకుపోయే బ్రేకు గీసింది. గీత ఆమెది, ఇనుము మేస్త్రిది. కంపెనీలో పావు వంతు ఆయనకి రాసిచ్చింది. ఏడో తరగతిలో బడి మానేసి లేతు పట్టుకున్నవాడికి, కాగితం మీద తన పేరు పక్కన 'భాగస్వామి' అని చూసుకోవడం ఎంత తీపో ఆయనకే తెలుసు. పైకి మాత్రం "ఈ కాగితాలు ఎవడికి కావాలే" అన్నాడు.

బాబు నాలుగోసారి వచ్చినప్పుడు కొత్త మాట తెచ్చాడు. "వార్డుల్లో ఆయాల్ని అడిగానండీ. చేతుల్లో ట్రేలుంటాయి, కిందికి చూడలేరు. పెడల్ ఇంకో రెండు వేళ్ళు వెడల్పుంటే కాలికి దానంతటదే తగుల్తుందన్నారు. మంచాల ఫ్యాక్టరీవాళ్ళు కూడా చూస్తామన్నారు. నాలుగు బ్రేకులు ఇస్తే పరీక్షకి తీసుకెళ్తాను."

"పెడల్ ఎంతుండాలో ఆయాలు చెప్తారా?" అన్నాడు మేస్త్రి.

"తొక్కేది వాళ్ళే కదా మావయ్యా," అంది మేనకోడలు.

మేస్త్రి అనుమానాలన్నీ లోపలే దాచుకున్నాడు. పరీక్షకి నాలుగెందుకు, ఒకటి చాలదా? ఫ్యాక్టరీకి తననెందుకు రమ్మనలేదు? ఫోన్ మోగగానే బాబు వీధిలోకి ఎందుకు పరిగెత్తాడు? లేతు మోతకి వినబడదంటాడు! సాకులకేం కొదవ?

ఇరవై ఏళ్ళ కిందట ఇలాగే ఓ నున్నటి మాటల మనిషి మేస్త్రి చేసిన కిటికీ గడియ నమూనాకని పట్టుకెళ్ళాడు. మూడు నెలలకి ఆ గడియ ప్రతి ఇనుప సామాన్ల కొట్లోనూ వేలాడింది. అప్పుడే తనకి పని నేర్పిన పెద్దమేస్త్రి చెప్పాడు: "బయటికిచ్చే నమూనాలో ఒక కొలత తప్పుంచరా. బేరం కుదిరి మాట ఖాయమయ్యాకే సరైనది చెయ్యి. కాపీ కొట్టినవాడు కాపీతోనే చస్తాడు." లేతుల వీధిలో అందరూ ఇదే చేస్తారు. కొనేవాళ్ళకీ ఈ సంగతి తెలుసు కాబట్టి, నమూనాని చూపుకే తప్ప వాడకానికి తీసుకోరు.

మేస్త్రి పెడల్ రెండు వేళ్ళు పెంచాడు. అడిగినదానికంటే నున్నగా సానపట్టాడు. లోపల, గాడిలో దిగి చక్రాన్ని ఆపే పిన్నుని మాత్రం నాలుగింటిలోనూ అర మిల్లీమీటరు తగ్గించాడు. చేత్తో తోస్తే మంచం కదలదు. బరువు పడితే జారుతుంది. బాబు సంచీ జిప్పు వేసుకుంటుంటే, 'తీసుకెళ్ళు నాయనా, వెయ్యి చేయించుకో' అని లోపలే నవ్వుకున్నాడు.

బాబు మర్నాడే తిరిగొచ్చాడు. ఫ్యాక్టరీలో ఏటవాలు బల్లమీద మంచం నిలబెట్టి, ఇసుక బస్తాలు ఎక్కించి, బ్రేకు తొక్కారట. మంచం జారి యజమాని కాలిదగ్గర ఆగిందట.

"పదిరోజులు గడువడిగానండీ. నా మాట మీద ఇచ్చారు. ఈసారీ జారితే ఆ గుమ్మంలోకి మీరూ వెళ్ళలేరు, నేనూ వెళ్ళలేను," అన్నాడు బాబు. గొంతు పెంచలేదు. మేస్త్రికి అదీ అనుమానమే. నష్టపోయినవాడు అరవాలి కదా?

మేనకోడలు నాలుగు పిన్నులూ ఊడదీసి కొలిచింది.

"నాలుగూ ఒకేలా తగ్గాయి మావయ్యా. పొరపాటైతే నాలుగు రకాలుగా ఉండేవి."

"పొరపాటు నా ఇంటావంటా లేదు."

"కావాలనే చేశావా?"

"నిన్ను కాపాడానే పిచ్చిదానా! నమూనా అలాగే ఇస్తారు."

"అది పైవాళ్ళ కోసం చేసే పద్ధతి. ఇది మన సరుకు!"

"తీసుకెళ్ళింది పైవాడేగా? ఆ సంచీలో ఏముందో ఎప్పుడైనా చూశావా?"

బాబు సంచీని బల్లమీద బోర్లించాడు. ప్లాస్టిక్ మడతబందు, సీసా మూత, పిల్లల చెప్పుల జత, చిన్న సోలార్ దీపం పడ్డాయి. "అన్నీ కొత్త కంపెనీలవేనండీ. ఒకరి సరుకు ఒకరికి కనబడకూడదని సంచీ దించను."

"చూశావా? ఇంతమంది సరుకు వీడి దగ్గరుంది!" అన్నాడు మేస్త్రి. అంతకంటే పెద్ద సాక్ష్యం ఇంకేం కావాలి?

ఆ మాట విన్నాక మేనకోడలు ఆయనతో వాదించడం మానేసింది. వెనక వీధిలో ఇంకో లేతు దగ్గర కొత్త పిన్నులు చేయించింది. ఈసారి బస్తాలు ఎన్ని వేసినా మంచం కదల్లేదు. ఫ్యాక్టరీ మాట ఖాయం చేసింది.

ఆ సాయంత్రం ఆమె మళ్ళీ షెడ్డుకొచ్చింది. "నువ్వు లేకుండా నాకు చెయ్యాలని లేదు మావయ్యా. ఒక్కటే మాట. ఇకనుంచి నువ్వు చేసిందేదైనా బయటికెళ్ళే ముందు ఇంకొకరు కొలుస్తారు."

"నా పని కొలవడానికి ఇంకోడా? నీకా మాట నేర్పిందెవరో నాకు తెలుసు."

"ఎవరూ నేర్పలేదు."

"అయితే నా పావు వంతూ నువ్వే ఉంచుకో. కాగితం తే, ఇప్పుడే రాసిస్తా."

ఆమె తేలేదు. ఆయనే తెప్పించి, రాసి, సంతకం పెట్టి పంపాడు. బతిమాలుతూ వస్తుందని చూశాడు. బల్లా డ్రిల్లూ ఎత్తుకెళ్ళడానికి బండి వచ్చింది.

మొన్న అక్కని చూడ్డానికి వెళితే, ఆమె మంచానికి ఆ బ్రేకులే ఉన్నాయి. మేస్త్రి కాలితో తొక్కి తుంటితో ఓ తోపు తోశాడు. ఇంకొంచెం గట్టిగా తోశాడు. మంచం కదల్లేదు. మోకాళ్ళమీద కూర్చుని కిందికి వంగాడు.

"ఏం వెతుకుతున్నావురా తమ్ముడూ?"

"ఆ బాబు తన పేరు ఎక్కడో కొట్టించుకుని ఉంటాడే."

"ఏం లేదురా అక్కడ. లేచి కూర్చో."

నాలుగు చక్రాలూ చూశాడు. ఎక్కడా ఏ పేరూ లేదు. ఆయన పోగొట్టుకున్నది వంద వాటాల్లో ఇరవై అయిదు.