జవాబు చెప్పనివాళ్ళు

మా ఆయన తెల్లకోటు ఇస్త్రీ చేస్తున్నాను. పక్కనే లాప్‌టాప్‌లో ఒక పరిశోధనా వ్యాసం తెరిచి ఉంది. కాన్పు ఆపరేషన్ అయిన ఆడవాళ్ళకి ఇప్పుడిస్తున్న నొప్పి మందులో సగం ఇచ్చినా సరిపోతుందని అందులో రాశారు. అది పత్రికలో అచ్చవ్వాలంటే ముందు వేరే డాక్టరు చదివి తప్పొప్పులు చెప్పాలి. ఆ డాక్టరు మా ఆయన. చదివేది నేను.

పిల్లలు పుట్టాక ఆసుపత్రి మానేశాను. మానేశాను అంటాను గానీ, మాన్పించారనాలి. "నువ్వూ డాక్టరువేగా, ఇంట్లో ఉండి ఇవి చదువు" అని ఆయన తన దగ్గరికొచ్చే వ్యాసాలన్నీ నా ముందు పడేయడం మొదలుపెట్టారు. కూర కలుపుతూ, పిల్లల హోంవర్కులు చూస్తూ చదివాను. నేను రాసిన అభిప్రాయాలన్నీ ఆయన పేరుతో రివ్యూలుగా వెళ్ళాయి. ఒకసారి భోజనాల దగ్గర స్నేహితులతో, "నా రివ్యూలకి ఇస్త్రీ చేసేది మా ఆవిడే" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి గ్లాసుల్లో నీళ్ళు పోశాను. గుడ్డ నేసింది కూడా నేనేనని చెప్పడానికి నోరు పెగల్లేదు. అత్తగారైతే మురిసిపోయారు. మా కోడలికి నోట్లో నాలుక లేదు, దానికి ఏ లోటూ లేదు అన్నారు.

ఈ వ్యాసం దగ్గర మాత్రం ఆగిపోయాను. నొప్పి ఎంత ఉందని అడిగితే చాలామంది ఆడవాళ్ళు జవాబు చెప్పలేదట. వాళ్ళందరినీ నొప్పి లేనివాళ్ళ కింద వేసేశామని పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో రాశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండో కాన్పులో కుట్లు లాగేస్తుంటే పంటి బిగువున పడుకున్నాను. నర్సు వచ్చి ఎలా ఉందని అడిగితే, పక్కనే అత్తగారున్నారని మాట్లాడలేదు. ఎవరి లెక్కలోనో నేనూ నొప్పి లేనిదాన్నే అయి ఉంటాను. ఇది అచ్చయితే ఇంకెంతమంది అలా పడుకోవాలి?

ఇందాక ఆయనకి ఆ మాటే చెప్పాను. గడ్డం గీసుకుంటూ విన్నారు. వ్యాసం రాసింది తన పాత ప్రొఫెసరు. వచ్చే నెల ఈయన్ని డిపార్ట్‌మెంట్ హెడ్‌ని చేసే కమిటీలో ఆ ప్రొఫెసరే పెద్ద.

"అభ్యంతరం లేదని రాసి పంపెయ్. అడిగినా చెప్పలేదంటే లేనట్టేగా" అని స్నానానికి వెళ్ళారు.

కిందటి వారం ఆ పత్రికవాళ్ళు రివ్యూలు రాసేవాళ్ళకి ఆన్‌లైన్‌లో క్లాసు పెట్టారు. కెమెరా ఆపేసి ఆయన పేరుతో నేనే కూర్చున్నాను. క్లాసు తీసుకున్న ఎడిటరు ఒకావిడ, వ్యాసం రాసినవాళ్ళు మీకు కావలసినవాళ్ళయితే తప్పుకోండి అని చెప్పింది. చదవడంలో ఎవరైనా సాయపడితే వాళ్ళ పేరు చెప్పాలంది. సాయం తప్పు కాదు, దాచడమే తప్పంది. ఎటూ తోచకపోతే ఫోన్ చేయమని నంబరిచ్చింది. చివర్లో ఆయన పేరు పిలిచి, డాక్టరుగారూ, మీకేమైనా సందేహాలున్నాయా అని అడిగింది. నేను పలకలేదు. లేవనుకుని ముందుకెళ్ళిపోయింది.

ఇస్త్రీ పెట్టె ఆపేశాను. కోటు చెయ్యి ఒకటి ముడతలతోనే ఉంది. ఆ నంబరుకి ఫోన్ చేశాను. భయమేసింది, ఎందుకు దాచాలి? ఆయన ఆశపడ్డ కుర్చీ పోతుంది. ఆ కోపమంతా ఈ ఇంట్లోనే, నా మీదే పడుతుంది.

స్నానాల గదిలోంచి ఆయన, "పంపేశావా?" అని అడిగారు. నేను మాట్లాడకపోయేసరికి పంపేశాననుకున్నట్టున్నారు, కూనిరాగం తీస్తూ బయటికొచ్చారు. నా చెవి దగ్గర ఫోను చూసి రాగం ఆపేశారు. పెట్టెయ్ అని చేత్తో సైగ చేశారు.

అవతల ఎడిటరు ఎవరు మాట్లాడుతున్నారని అడిగింది.

ఆయన కళ్ళలోకే చూస్తూ నా పేరు చెప్పాను.

"ఇన్నాళ్ళూ డాక్టరుగారి రివ్యూలు రాసింది నేనేనండీ" అన్నాను. "నాకు అభ్యంతరం ఉంది."