రెండో సూది

ఆ ఇంటి తోడికోడళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ. పెద్దామె బేకరీలో పిండి పిసుకుతుంది, నోరు పెద్దది. చిన్నామె బడిలో లెక్కల టీచరు. మాట్లాడేది తక్కువే గాని, మాటంటే ఎక్కడ తగలాలో అక్కడే తగిలేది.

ఆ చిన్నామెకు దగ్గు పట్టుకుంది. సుద్దపొడి పడటం లేదన్నారు. తర్వాత ఉబ్బసమన్నారు. క్షయేమోనని నెలల తరబడి మాత్రలు మింగించారు. దగ్గు తగ్గలేదు, మనిషి మాత్రం సగమైంది. ఒకరోజు పాఠం మధ్యలో చేతిరుమాల్లో నెత్తురు పడింది. స్కాన్ తీస్తే ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ, చుట్టూ నీరు.

సిగరెట్లు తాగుతారా అని కనిపించిన ప్రతి డాక్టరూ అడిగాడు. జన్మలో ముట్టని మనిషికి ఆ ప్రశ్నే మరో జబ్బయింది. ఆమె మొగుడు క్యాన్సర్ అన్న మాటకే నీరుగారిపోయాడు. ఆస్పత్రి గడప తొక్కాలంటే అతనికి కాళ్ళాడవు. ఇక పెద్దామే పనికి సెలవు పెట్టి వెంట తిరిగింది.

వీపులోంచి సూది దించి ముక్క తీశారు. క్యాన్సరేనని తెలిసింది గాని, ఏ రకమో తేల్చడానికి ఆ ముక్క చాలలేదట. మళ్ళీ గుచ్చాలన్నారు. చిన్నామె గోడవైపు తిరిగి పడుకుంది.

"నావల్ల కాదక్కా. ఎలాగూ పోయేదాన్ని పొడిచి పొడిచి చంపడమెందుకు? ఇంటికి తీసుకెళ్ళిపో."

పెద్దామె నచ్చజెప్పబోయింది. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే తిట్టింది. "ఇన్నేళ్ళూ నాకు ఒక్క మాట తగ్గలేదే నువ్వు. పేరైనా తెలియని దానికి లొంగిపోతావా? అదేమిటో తెలుసుకుని అప్పుడు చద్దువుగాని, లే."

చిన్నామె నవ్వబోతే దగ్గొచ్చింది. తెరిపిచ్చాక, పిలవమంది నర్సుని.

రెండో ముక్కలో తేలింది. ఊపిరితిత్తి క్యాన్సరున్న వాళ్ళలో నూటికి ఒకరిద్దరికి వచ్చే రకమట. పొగతాగని వాళ్ళలోనే ఎక్కువట. కణంలో రెండు జన్యువులు తెగి, అతుక్కోకూడని చోట అతుక్కున్నాయని డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. దానికి తగ్గ మాత్ర ఉందంది. నయమైపోతుందా అని పెద్దామె అడిగింది.

"అణిచిపెడుతుందమ్మా. ఎంతకాలమో నేను చెప్పలేను."

మాత్ర తెప్పించేలోపే ఊపిరితిత్తి చుట్టూ నీరు ఇంకా పెరిగింది. గొట్టం వేసి తోడారు. పడుకుంటే ఊపిరాడక, చిన్నామె కూర్చునే, తోడికోడలి భుజానికి ఆనుకుని, ఒక్కో ఊపిరికీ పెనుగులాడింది. దక్కుతుందని ఎవరికీ ఆశ లేదు. పెద్దామె బాత్రూంలో కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చి, మొహం కడుక్కుని బయటికొచ్చేది.

మాత్ర పడ్డ కొన్నాళ్ళకు దగ్గు సన్నగిల్లింది. హమ్మయ్య అనుకునేలోపే కాలేయం తిరగబడింది, కళ్ళు పచ్చబడ్డాయి. మాత్ర ఆపేశారు. లోపల గడ్డ మళ్ళీ పెరుగుతోందేమోనని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడిపారు. చివరికి మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఒంటికి సరిపడింది.

తర్వాతి స్కాన్లో గడ్డ సగానికి తగ్గింది. పోలేదు. మూడు నెలలకోసారి చూస్తూ ఉండాలన్నారు.

సెలవులయ్యాక చిన్నామె బడికి వెళ్ళింది. నిలబడలేక కుర్చీలో కూర్చునే లెక్కలు చెబుతోంది. స్కాన్ రోజు దగ్గరపడేకొద్దీ మాత్రం ఆ ఇంట్లో ఇద్దరికీ అన్నం సహించదు.