పాట అడుగున నేను

నేను ఒక బేస్ గిటారును. నాకు నాలుగే తీగలు, అవీ లావుపాటివి. నా గొంతు మీరు వినే ఉంటారు గాని విన్నట్టు మీకు తెలియదు. పాట వస్తున్నప్పుడు మీ కాలు దానంతట అదే ఆడుతుంది చూశారా, అది నా వంటివాళ్ల పని. పాడినవాళ్ల పేరు మీకు జీవితాంతం గుర్తుంటుంది. అడుగున ఉన్నవాడు ఎవడని అడగరు. మనుషుల తీరే అంత. ఇంటి దూలం విరిగితే తప్ప ఎవరూ తలెత్తి చూడరు.

నేను పుట్టింది సికింద్రాబాదులో, పంతొమ్మిది వందల అరవై ఏడులో. అంతకుముందు మూడో తరగతి రైలు పెట్టెలో కూర్చునే పలకను. ఆ పెట్టె పాతబడి విరగ్గొట్టినప్పుడు వీరాచారి అనే వడ్రంగి ఆ టేకు పలకను పక్కన పెట్టాడు. అతను రైల్వే వర్క్‌షాపులో పెట్టెలు మరమ్మతు చేసేవాడు. నన్ను ఒక కుర్రాడి కోసం చెక్కాడు. ఆ కుర్రాడి పేరు జయశీల్.

జయశీల్‌ది మెట్టుగూడ. చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి చర్చి ఆవరణలో బట్టలు కుట్టి పెంచింది. వీరాచారి ఉన్న వర్క్‌షాపులోనే, బాయిలర్ షాపులో అతనికి పని దొరికింది. రైలింజను బాయిలర్ లోపల ఒదిగి కూర్చుని, రేకులను కలిపి బిగించే రివెట్టు తలకు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. బయటినుంచి ఇద్దరు సుత్తులతో కొడుతూ ఉంటారు. గంట లోపల మనిషిని కూర్చోబెట్టి గంట కొట్టినట్టు ఉంటుంది ఆ పని. సాయంత్రమయ్యేసరికి జయశీల్ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రైల్వేవాళ్ల క్లబ్బులో గిటారు వాయించేవాడు. అతని బ్యాండు పేరు ‘గ్రీన్ సిగ్నల్స్’. డ్రమ్ములు వాయించే లెస్లీ ఆంగ్లో ఇండియన్ కుర్రాడు, ఇంజన్లలో బొగ్గు వేసేవాడు. పాడేది కృపామణి. అందరూ మణి అనేవారు. పగలు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు.

సిలోను రేడియోలో వచ్చే ఇంగ్లీషు పాటలు విని నేర్చుకుని శనివారం నాట్యాలకు వాయించేవారు. లండన్ కుర్రాళ్ల రాక్ పాటలు, అమెరికా నల్లవాళ్ల సోల్ పాటలు. అందరూ పాడేవాళ్ల గొంతు వినేవారు. జయశీల్ మాత్రం రేడియోకు చెంప ఆనించి గొంతు కింద నడిచేదాన్ని వెతికేవాడు. ఎక్కడో సముద్రాల అవతల ఒక మనిషి పాటనంతా భుజాన మోస్తున్నాడు. రికార్డు అట్ట మీద అతని బొమ్మ ఉండదు, పేరు ఉండదు. “ఈయనెవరో గని బతికుంటె ఒక్కసారి చూడాలె” అనేవాడట తల్లితో.

ఒకరోజు వీరాచారి దగ్గరికి గిటారు మెడ బాగుచేయించుకోవడానికి వెళ్లాడు. చారి రేకు కోస్తున్నాడు. ఆ కీచు శబ్దానికి చుట్టుపక్కలవాళ్లు చెవులు మూసుకున్నారు. జయశీల్ కదలకుండా నిలబడ్డాడు.

చారి రంపం ఆపాడు. “వినొస్తలేదారా?”

“సన్న శబ్దాలు పోయినయ్ చారన్నా. పిట్టలు, ఈల, గిటారు పై తీగలు. లావు శబ్దాలైతే ఉన్నయ్.”

“ఎవరికన్న చెప్పినవా?”

“చెప్తే బ్యాండ్ల ఉండనిస్తరా?”

చారి గిటారు పక్కన పెట్టి, మూలనున్న టేకు పలకను తీసి దుమ్ము దులిపాడు. “అయితే లావు తీగలదే చేద్దాం.”

అలా పుట్టాను. తీగలు కలకత్తా నుంచి తెప్పించారు. వాటి అదురును పట్టే అయస్కాంతం ఒక పాత లౌడ్‌స్పీకరులోంచి వచ్చింది. మొదటి రోజు జయశీల్ నన్ను ఛాతీకి ఎత్తి పట్టుకుని, నా పై అంచుకు గడ్డం ఆనించి, లావు తీగను మీటాడు. నా అదురు అతని దవడ ఎముకలోంచి తలలోకి పాకింది. కళ్లు మూసుకున్నాడు. చెమట వాసన, సబ్బు వాసన కలిసి వచ్చాయి. ఏదో తడి నా వార్నిషు మీద పడింది. అది చెమట కాదని నాకు తరవాత తెలిసింది.

ఇకపై బేస్ వాయిస్తానని అతను చెబితే లెస్లీ సంతోషించాడు. గిటారు లెస్లీ తమ్ముడు అందుకున్నాడు. క్లబ్బులో జయశీల్ నాకు గడ్డం ఆనించి వాయించడం చూసి జనం అదొక స్టైలనుకున్నారు. రెండు నెలలు తిరక్కుండా సికింద్రాబాదులో గిటారు పట్టిన ప్రతి కుర్రాడూ గడ్డం ఆనించడం మొదలుపెట్టాడు. మెడలు పట్టేసినా మానలేదు.

మణి మాత్రం మోసపోలేదు. ఒక మధ్యాహ్నం చర్చి హాల్లో సాధన చేస్తున్నప్పుడు అతని వెనక నిలబడి మెల్లగా అంది, “జయశీల్, మీ ఇల్లు తగలబడ్తుంది.” అతను నా తీగలు బిగిస్తూనే ఉన్నాడు. ఆమె తిరిగి ముందుకొచ్చి నిలబడింది.

“ఎప్పటిసంది?”

“ఏంది?”

“రోజంత ఫోను చెవులకు తగిలించుకొని కూసుంటా నేను. అవతలోళ్లకు వినొస్తుందో లేదో నాకు తెల్వదా?”

జయశీల్ తల దించుకున్నాడు. “లెస్లీకి చెప్పకు మణీ.”

“చెప్ప. నువ్వు బూట్లు విప్పు.”

“ఎందుకు?”

“స్టేజి చెక్కది గద. నేను మడిమతోని కొడ్త. నీ కాళ్లకు తెలుస్తది.”

ఆ రోజునుంచి ఇద్దరూ వట్టి కాళ్లతోనే స్టేజి ఎక్కేవారు. పాడుతున్నంతసేపూ ఆమె మడిమ పలకను కొట్టేది. ఆ దెబ్బ అతని పాదాల్లోంచి వేళ్లలోకి, వేళ్లలోంచి నాలోకి వచ్చేది. తాళం ఒక్కసారి కూడా తప్పలేదు. నా జీవితంలో మంచి రోజులు అవే. అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు.

వాళ్ల సొంత పాట పుట్టింది కూడా అప్పుడే. రాగం కన్నా ముందు నా నడక పుట్టింది. జయశీల్ ఇంట్లో ఒక్కడే కూర్చుని అల్లాడు. నాలుగు మెట్లు దిగి, ఒక చోట ఆగి, ఆపైన అట్టడుగు తీగ మీద వాలే నడక. మణి దానికి తెలుగు మాటలు కట్టింది. అందరికీ ట్రంకు కాల్ కలిపే ఒక ఆపరేటరు, తన లైనులో ఎవరూ లేక, “అవతల ఎవరు, అవతల ఎవరు” అని అడుగుతుంది. సోల్ పాట తెలుగులో ఏమిటని లెస్లీ నవ్వాడు. వాయించాక నవ్వలేదు.

“‘అవతల ఎవరు’ కాడ నువ్వు ఆగుతవెందుకు?” అని అడిగాడు.

“ఫోన్ల అడిగినంక జవాబు కోసం ఆగుతరు గద. అక్కడ ఏం ఉండొద్దు. ఖాళీ ఉండాలె” అన్నాడు జయశీల్.

క్లబ్బులో ఆ పాట పాడిన మొదటి శనివారం జంటలు నాట్యం ఆపి నిలబడిపోయాయి. ఆ ఖాళీ దగ్గర హాలంతా ఊపిరి బిగపట్టింది. నేను అడుగు తీగ మీద వాలగానే అందరూ ఒక్కసారి కదిలారు. అది విన్న ఒక పెద్దమనిషి మద్రాసులో రికార్డుల కంపెనీకి చెప్పాడు. వాళ్లు పిలిచారు.

స్టూడియో చూడగానే నాకు భయం వేసింది. నేలమీద మందపాటి కొబ్బరినార పట్టాలు, గోడలకు మెత్తలు. పాడే మనిషి ఒక గదిలో, డ్రమ్ములు ఒక అడ్డుతెర వెనక, మేమొక మూల. జయశీల్ బూట్లు విప్పి నిలబడ్డాడు. కింద ఏమీ లేదు. మణి అద్దం వెనక మడిమ కొడుతూ ఉంది, అతని కాళ్లకు చేరలేదు. ఆమె పెదవులు చూస్తూ వాయించాడు. ఆమె ఊపిరి తీసుకోవడానికి పక్కకు తిరిగినప్పుడల్లా జారిపోయాడు. మళ్లీ మొదలు, మళ్లీ మొదలు.

రికార్డింగు చూసే పెద్దాయన బయటికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. “తాళం నిలవడం లేదు బాబూ. వినపడటం లేదా నీకు?” అన్నాడు. మామూలుగా అనే మాటే. జయశీల్ ఆ పెదవులు చదివాడు. “లేదు సార్” అన్నాడు.

లెస్లీ చేతిలో కర్రలు కింద పెట్టేశాడు. అతనికి ఆ సంగతి అప్పుడే తెలిసింది.

మణి గది తలుపు తోసుకుని వచ్చింది. “జయశీల్ వాయించకుంటె నేను పాడ. పోదాం పదుండ్రి.”

“పాడు మణీ” అన్నాడు జయశీల్. “మళ్ల పిలువరు. నాకోసమని ఆపితే నేనెట్ల బతకాలె?”

ఆమె ఏడ్చింది. అతను ఏడవలేదు. స్టూడియోలో జీతానికి వాయించే సెల్వరాజ్ అనే నడివయసు మనిషిని పిలిపించారు. జయశీల్ నన్ను తన మెడలోంచి తీసి ఆయన మెడలో వేశాడు. “దీంతోనే వాయించండి” అన్నాడు. ఆయన వేళ్లమీద తన వేళ్లు పెట్టి, మెట్టు తరవాత మెట్టు నడక నేర్పాడు. సెల్వరాజ్ రెండుసార్లకే పట్టేశాడు. “తంబీ, నల్ల పని చేసినావు. ఇట్ల నాకు రాదు” అన్నాడు తన తమిళపు తెలుగులో. నల్ల అంటే వాళ్ల భాషలో మంచి.

జయశీల్ ఆ గదిలోంచి వెళ్లి యంత్రాలున్న గదిలో స్పీకరు డబ్బాకు రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. అద్దంలోంచి నాకు కనిపిస్తూనే ఉన్నాడు. సెల్వరాజ్ చక్కగా వాయించాడు. ఆ ఒక్క ఖాళీ దగ్గర మాత్రం ఆయన చెయ్యి ఊరుకోలేదు. చిన్న పలుకు వేసి దాన్ని నింపేశాడు. చేతనైనవాళ్లకు ఖాళీ ఓర్చుకోవడం కష్టం. పెద్దాయన బొటనవేలు చూపించాడు. రికార్డు అయిపోయింది.

ఆ పాట ఎంత పేరు తెచ్చుకుందో చెప్పనక్కర్లేదు. ఇరానీ హోటళ్లలో, పెళ్లి పందిళ్లలో, కాలేజీ ఉత్సవాల్లో అదే. అట్ట మీద మణి బొమ్మ ఉంది. జయశీల్ పేరు లేదు, సెల్వరాజ్ పేరూ లేదు. జయశీల్ ఇరానీ హోటల్లో టీ తాగుతూ, చుట్టూ ఉన్నవాళ్ల తలలు ఊగడం చూసి పాట ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకునేవాడు. నన్ను బాగుచేయించడానికి తీసుకెళ్తూ ఒకసారి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గర ఒక కుర్రాడు స్నేహితుడితో, “అబ్బ, ఆ కింద వాయించినోడు ఎవడోగాని” అన్నాడు. జయశీల్ ఆ మాట వినలేదు. అటు చూసి ఉంటే పెదవులు చదివేవాడు. చూడలేదు.

మణికి మద్రాసు నుంచి పిలుపులు వచ్చాయి. బయల్దేరే రోజు రైలు పక్కన నిలబడి అతని ముఖం తనవైపు తిప్పుకుని అడిగింది. “నన్ను చేసుకుంటవా?”

“పాటలు పాడేదానికి చెవిటి మొగుడా మణీ. నలుగురు నవ్వుతరు.”

“నవ్వితె నీకు వినొస్తదా?”

అతనికి నవ్వు వచ్చింది. అయినా తల అడ్డంగా ఊపాడు. రైలు కదిలాక నన్ను గుండెకు ఆనించి పట్టుకున్నాడు. లోపల ఏం జరుగుతోందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ప్రేమించిన మనిషికి భారం కాకూడదని మనుషులు దూరం జరుగుతారు. ఆ దూరమెంత భారమో ఆలోచించరు.

మద్రాసులో మణి ఇంకో రెండు మూడు పాటలు పాడింది. అవి నిలవలేదు. ఆ తరవాత ఏళ్ల తరబడి వేరేవాళ్ల పాటల వెనక వరసలో నిలబడి కోరస్ పాడింది. జయశీల్‌ను బాయిలర్ షాపు నుంచి స్టోర్సుకు మార్చారు. తల్లి పోయింది. వినికిడి పూర్తిగా పోయింది. కొన్నాళ్లు పొద్దున్నే నాకు గడ్డం ఆనించి ఆ నడక వాయించేవాడు. ఆపైన నన్ను బట్టలో చుట్టి మంచం కింద పెట్టాడు.

నన్ను మళ్లీ వెలుతురులోకి తీసింది మణి. తలలో తెలుపు వచ్చింది, కళ్లద్దాలు వచ్చాయి. జయశీల్‌కు గుండె జబ్బు ముదిరిందని లెస్లీ కబురు పెడితే వచ్చేసింది. వచ్చి ఇక వెళ్లలేదు. వంట చేసింది, మందులు వేసింది, వీధివాళ్లు ఏమనుకుంటారో పట్టించుకోలేదు. ఒక మధ్యాహ్నం అతను మంచం మీద ఆనుకుని కూర్చుని అడిగాడు.

“ఆ రికార్డుల నేను చెప్పినట్లె వాయించిండా ఆయన?”

“ఒక్క తావుల మార్చిండు. నువ్వు ఆగేకాడ ఆగలె.”

జయశీల్ నవ్వాడు. “నాకెరుకే. డబ్బా మీద చేతులు పెట్టిన గద. ఖాళీ రావాల్సిన కాడ అదురు వచ్చింది.”

“మరి అప్పుడే చెప్పొద్దా?”

“అందరు మంచిగుందన్నరు. చెవిటోడు లేచి బాగలేదంటె ఏముంటది?”

మణి లేచి నన్ను బట్టలోంచి తీసింది. తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. నన్ను అతని ఛాతీ మీద ఆనించి, పక్కన కూర్చుని, తనే మీటడం మొదలుపెట్టింది. ఆమెకు వాయించడం రాదు. అతను ఆమె వేలిని ఒక గడి పైకి జరిపాడు. మళ్లీ మీటింది. నాలుగు మెట్లు దిగాం. ఆమె పెదవులతో “అవతల ఎవరు” అంది, శబ్దం లేకుండా. ఆగింది. అతను ఆమె మణికట్టు పట్టుకుని ఇంకాస్త ఆపాడు. ఇంకాస్త. ఆపైన వదిలాడు. అడుగు తీగ అపశ్రుతిలో మోగింది. జయశీల్ కళ్లు మూసుకుని, “గట్ల” అన్నాడు.

ఆ వారంలోనే పోయాడు. సమాధి దగ్గర మణిని పాడమన్నారు. ఆమె పాడలేదు.

ఇప్పుడు నేను మెట్టుగూడలో, రైలు పట్టాల పక్కనున్న ఆమె అద్దె ఇంట్లో, ముందు గదిలో గోడకు ఆనుకుని ఉంటాను. సాయంత్రాలు ఆమె దగ్గర పాట నేర్చుకోవడానికి పిల్లలు వస్తారు. కొత్తగా చేరినవాళ్లు నన్ను ముట్టుకుని, “ఎవరిది టీచర్ ఇది?” అని అడుగుతారు.

“మా ఆయనది” అంటుంది మణి.

పిల్లలు తలూపి పాటలో పడతారు. జయశీల్‌కూ ఆమెకూ పెళ్లి కాలేదని ఆ గదిలో తెలిసింది ఆమెకూ నాకే. ఆమె ఆ మాట అన్నప్పుడల్లా నా తీగలు కొంచెం అదురుతాయి. పిల్లలు రైలు వెళ్తోందనుకుంటారు.